టెక్సాస్‌లో గ్రోసరీ స్టోర్ ఉన్న ప్లాజాలో షాపు లీజుకి తీసుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకిన్నీ, సెలీనా వైపు మనవాళ్ల ఇళ్లు పెరిగేకొద్దీ సొంతంగా షాపు పెడదామనుకునేవాళ్లూ పెరుగుతున్నారు. ఒకరు కర్రీ పాయింట్ అంటారు, ఒకరు బ్యూటీ పార్లర్, ఇంకొకరు పిల్లలకి మ్యాథ్ ట్యూషన్. నేను పదకొండేళ్లుగా ఇక్కడ పిండివంటల షాపు నడుపుతున్నాను. ఇప్పటికి రెండు లీజుల మీద సంతకం పెట్టాను. మొదటిది చదవకుండా పెట్టాను. రెండోది మూడు వారాలు కూర్చుని చదివాకే పెట్టాను. ఫోన్ చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పేదాన్నే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. చట్టం సంగతులన్నీ టెక్సాస్‌వి. మీరు న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటే అక్కడి లాయర్ని అడగండి.

ముందుగా ఒక్క మాట. ఈ ప్లాజాల్లో, అంటే ఒక పెద్ద గ్రోసరీ స్టోర్, పక్కన చిన్న షాపుల వరుస, ముందు పార్కింగ్ ఉన్నచోట, మీరు సంతకం పెట్టే లీజు వెనక ఇంకో లీజు ఉంటుంది. అది ఆ పెద్ద గ్రోసరీ స్టోర్‌ది. మీకంటే ముందు రాసుకున్నది, మీదానికంటే బలమైనది. మీరేం అమ్మచ్చు, మీ కస్టమర్ కారు ఎక్కడ ఆపాలి, మీ బోర్డు ఎక్కడ పెట్టాలి అన్నవి చాలావరకు అందులోనే తేలిపోయి ఉంటాయి. కింద రాసిన జవాబుల్లో సగం దాని చుట్టూ తిరిగేవే.

గ్రోసరీ స్టోర్ ఉన్న ప్లాజాలో అద్దె ఎక్కువ కదా, అక్కడే ఎందుకు?

పాలు, కూరగాయలు, బ్రెడ్ కోసం జనం వారానికి ఒకసారైనా వస్తారు. ఆన్‌లైన్‌లో బట్టలు కొనేవాళ్లు కూడా టమాటాల కోసం కారు తీస్తారు. ఆ రాకపోకల కోసమే మనం ఎక్కువ అద్దె కట్టేది.

కానీ ఆ జనం మీ వైపు తిరుగుతారా లేదా అన్నది వేరే లెక్క. రెండో షాపు చూసినప్పుడు నేను గురువారం సాయంత్రం ఆరింటికి, ఆదివారం పదకొండింటికి ఆ పార్కింగ్‌లో కారులోనే కూర్చుని లెక్కపెట్టాను. స్టోర్‌లోంచి బండి తోసుకుంటూ వచ్చినవాళ్లలో ఎంతమంది చిన్న షాపుల వైపు తల తిప్పుతున్నారు, ఎంతమంది సంచులు డిక్కీలో పెట్టి నేరుగా వెళ్లిపోతున్నారు అని. ప్లాజా ఎల్ ఆకారంలో ఉంటే మూల మలుపులో ఉన్న షాపు రోడ్డు మీదికి కనపడదు. అద్దె కాస్త తక్కువని అదే చూపిస్తారు. డ్యాన్స్ క్లాసులకైతే ఫరవాలేదు, పిల్లల్ని దింపడానికి ఎలాగూ వెతుక్కుంటూ వస్తారు. మిఠాయి కొట్టుకి మాత్రం అది పనికిరాదు.

ఇంకోటి కూడా అడగండి: గ్రోసరీ స్టోర్ మీ ఓనర్ చేతిలోనే ఉందా? కొన్నిచోట్ల ఆ స్టోర్ స్థలం దాని సొంతం, మీ ఓనర్‌ది పక్కనున్న చిన్న షాపుల వరుస మాత్రమే. అలాంటప్పుడు ఆ స్టోర్ గురించి మీ ఓనర్ ఏ హామీ ఇచ్చినా దాన్ని నిలబెట్టుకునే అధికారం ఆయనకి ఉండదు.

బోర్డు మీద 32 డాలర్లు ప్లస్ ట్రిపుల్ నెట్ అని ఉంది. అది నెలకా, ఏడాదికా?

టెక్సాస్‌లో ఏడాదికి, చదరపు అడుగుకి. కాలిఫోర్నియాలో నెల లెక్కన చెప్పడం మామూలు కాబట్టి అక్కడి చుట్టాల మాటతో పోల్చుకోకండి.

ఉదాహరణకి 1,400 చదరపు అడుగుల షాపు తీసుకుందాం. మన గజాల్లో సుమారు 155. ఏడాదికి 32 చొప్పున 44,800 డాలర్లు, అంటే నెలకి 3,733. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ట్రిపుల్ నెట్, అంటే అద్దె మీద విడిగా కట్టే ఖర్చుల వాటా (వివరం కింది ప్రశ్నలో), 12 డాలర్లు అనుకుంటే ఇంకో 16,800 కలుస్తుంది. మొత్తం 61,600, నెలకి 5,133. కరెంటు, గ్యాస్, నీళ్లు, ఇన్సూరెన్స్ ఇంకా వేరు. బిజినెస్ ప్లాన్‌లో మొదటి అంకె వేసుకుని షాపు తెరిచినవాళ్లని చూశాను. మూడో నెలకే నిద్ర ఉండదు.

ఆ 1,400 లోపలి కొలత కాదు. బయటి గోడ మందం, పక్క షాపుతో ఉన్న గోడలో సగం కూడా అందులో కలిపే కొలుస్తారు. టేపు పెట్టి కొలిస్తే తక్కువే వస్తుంది. లీజులో ఏ పద్ధతిలో కొలిచారో రాయించుకోండి.

ట్రిపుల్ నెట్ అంటే ఏంటి? ప్రతి ఏడాదీ ఎందుకు పెరుగుతుంది?

ఓనర్ కట్టే మూడు ఖర్చుల్లో మన వాటా: ప్రాపర్టీ ట్యాక్స్, బిల్డింగ్ ఇన్సూరెన్స్, ఇంకా క్యామ్. క్యామ్ అంటే పార్కింగ్ లైట్లు, చెత్త, గడ్డి కోత, తారు మరమ్మతులు, మేనేజ్‌మెంట్ ఫీజు లాంటివి. ఏడాది మొదట్లో ఒక అంచనా వేసి నెలనెలా వసూలు చేస్తారు. మరుసటి వసంతంలో అసలు లెక్క పంపుతారు. తక్కువ పడితే ఒకేసారి కట్టమంటారు.

మూడింట్లో బరువైనది ట్యాక్స్. టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని సంతోషపడతాం కానీ స్కూళ్లకీ, సిటీకీ, కౌంటీకీ కావాల్సిన డబ్బులో పెద్ద భాగం ప్రాపర్టీ ట్యాక్స్ నుంచే వస్తుంది. అది షాపు అద్దెలో మన నెత్తినే పడుతుంది.

కొత్తగా కట్టిన ప్లాజా అయితే ఇంకా జాగ్రత్త. ఇక్కడ ఆస్తి విలువని జనవరి 1న ఉన్న స్థితి ప్రకారం లెక్కిస్తారు. ఆ రోజుకి బిల్డింగ్ సగమే లేచి ఉంటే ఆ ఏడాది ట్యాక్స్ కూడా ఆ సగానికే. మీకు చూపించే ట్రిపుల్ నెట్ అంచనా దాని మీద వేసిందైతే, మరుసటి ఏడాది నిండు బిల్డింగ్ విలువ మీద వచ్చే బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది. 'పూర్తిగా కట్టాక, షాపులన్నీ నిండాక ట్యాక్స్ ఎంత ఉండచ్చు' అని అడిగి, ఆ అంకె మీద మీ లెక్క వేసుకోండి. 2023లో ఓటర్లు ఒప్పుకున్న 20 శాతం పెరుగుదల పరిమితి ఉంది కదా అని కొందరంటారు. అది 2024 నుంచి 2026 దాకా అని పెట్టింది, అదీ సుమారు 50 లక్షల డాలర్ల లోపు విలువున్న ఆస్తులకి. పెద్ద గ్రోసరీ స్టోర్ ఉన్న ప్లాజా విలువ సాధారణంగా దానికంటే చాలా ఎక్కువే ఉంటుంది.

ఇక వాటా లెక్క. ఈ చోటు కాస్త నిదానంగా చదవండి. ప్లాజా మొత్తం లక్ష చదరపు అడుగులు, అందులో గ్రోసరీ స్టోర్ 60,000 అనుకోండి. మీ షాపు 1,500. మొత్తంలో మీ వాటా 1.5 శాతం. కానీ కొన్ని లీజుల్లో గ్రోసరీ స్టోర్ విస్తీర్ణాన్ని తీసేసి మిగిలిన 40,000 మీద భాగిస్తారు. అప్పుడు మీ వాటా 3.75 శాతం. స్టోర్ తన ఖర్చు తను పెట్టుకుంటూ, ఆ మొత్తాన్ని ముందే మినహాయించి మిగతాది పంచితే అది న్యాయమే. మినహాయించకుండా భాగహారం మాత్రం మారిస్తే పార్కింగ్ మొత్తానికీ తారు వేసిన ఖర్చు చిన్న షాపుల మీద పడుతుంది. భాగించే అంకె ఏది, పైనున్న ఖర్చులోంచి ఏం తీసేశారు అన్న రెండు ప్రశ్నలూ అడగాల్సిందే.

ట్యాక్స్, ఇన్సూరెన్స్ మీద పరిమితి అడిగినా ఓనర్లు ఒప్పుకోరు. ఓనర్ చేతిలో ఉన్న మిగతా ఖర్చుల మీద ఏడాదికి ఇంత శాతం మించకూడదని రాయించుకోవచ్చు, లెక్కల పుస్తకాలు చూసే హక్కు కూడా. లీజులో రాయని చార్జీలు, లెక్కకట్టే పద్ధతి రాయని చార్జీలు అద్దెదారు మీద వేయకూడదని టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 93.012 చెబుతుంది. ఓనర్ ట్యాక్స్ విలువ మీద అభ్యంతరం చెప్పకపోతే, ఆ ట్యాక్స్ భరించే అద్దెదారు చెప్పుకునే హక్కు ట్యాక్స్ కోడ్ 41.413లో ఉంది. ఈ రెండు నంబర్లూ మీ లీజులో వెతకండి. చాలా లీజుల్లో 'ఈ హక్కులు వదులుకుంటున్నాను' అన్న వాక్యంలోనే అవి కనిపిస్తాయి.

గ్రోసరీ స్టోర్ లీజుతో నాకేం సంబంధం? నేను సంతకం పెట్టేది ఓనర్‌తో కదా?

నేనూ అలాగే అనుకున్నాను. మొదటి షాపులో రెండో ఏడాది సంక్రాంతికి గుమ్మం పక్కన ఒక చెక్క అల్మరా పెట్టాను. పైన ఆవకాయ, గోంగూర పచ్చడి సీసాలు. కింది అరలో కరివేపాకు కట్టలు, చిక్కుడుకాయలు. అరిసెలకి వచ్చినవాళ్లు ఒక కట్ట కరివేపాకు కూడా తీసుకునేవాళ్లు. మూడో వారం ఓనర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్లాజాలో ఆహార సరుకులు అమ్మే హక్కు గ్రోసరీ స్టోర్‌ది మాత్రమే, అల్మరా తీసేయమని. నా లీజు తిరగేస్తే చివర్లో ఎగ్జిబిట్ల (లీజుకి జతచేసిన కాగితాల) మధ్య నిజంగానే ఉంది. చిన్న అక్షరాల్లో రెండు పేజీల నిషేధాల జాబితా. సంతకం నాదే. అల్మరా ఇంటికి తీసుకెళ్లాను.

మామూలుగా ఆ జాబితాలో ఉండేవి ఇవీ: తాజా కూరగాయలు, మాంసం, సరుకులు ఇంత స్థలం మించి అమ్మకూడదు. జిమ్, బార్, ఎక్కువసేపు పార్కింగ్ ఆక్రమించే వ్యాపారాలు స్టోర్ తలుపుకి ఇంత దూరం లోపల ఉండకూడదు. స్టోర్ ముందు పార్కింగ్ తగ్గించకూడదు. దాని బోర్డుకి అడ్డంగా ఏమీ కట్టకూడదు. బయట టేబుళ్లు వేసుకోవాలన్నా అడగాలి.

మన ఇండియన్ గ్రోసరీ ఉన్న ప్లాజా అయితే మనకి ఇంకా సులువనుకుంటారు. అక్కడా చూసుకోవాలి. ఆ స్టోర్‌లోనే స్వీట్ కౌంటర్, చాట్ కౌంటర్ పెట్టుకునే హక్కు రాసి ఉంటే మీ గతేంటి? లీజు డ్రాఫ్ట్ రాకముందే ఒక ఈమెయిల్ రాయండి: 'ప్లాజాలో ఇప్పటికే ఉన్న నిషేధాలు, ఎక్స్‌క్లూజివ్‌ల జాబితా పంపండి'. ఎక్స్‌క్లూజివ్ అంటే ప్లాజాలో ఫలానా సరుకు ఒక్క షాపే అమ్మే హక్కు. స్టోర్ లీజు మొత్తం ఇవ్వరు, ఈ జాబితా ఇస్తారు. తర్వాత మీకు కూడా ఒక ఎక్స్‌క్లూజివ్ అడగండి, వీలైనంత సూటిగా. 'ఇండియన్ ఫుడ్' అంటే ఒప్పుకోరు. 'ప్రధానంగా భారతీయ మిఠాయిలు, పిండివంటలు అమ్మే ఇంకో షాపుకి ఇవ్వకూడదు' అంటే నాకు ఒప్పుకున్నారు.

ఆ స్టోర్ మూతబడితే?

పెద్ద స్టోర్లకి ఒక వెసులుబాటు ఉంటుంది. అద్దె కడుతూనే తలుపులు మూసేయచ్చు. ఓనర్‌కి డబ్బు వస్తూనే ఉంటుంది. ఖాళీ పార్కింగ్ ముందు మిగిలేది మనం.

ఇది ఊహించుకుని భయపడే సంగతి కాదు. 2022 అక్టోబర్‌లో క్రోగర్, ఆల్బర్ట్‌సన్స్ అనే రెండు పెద్ద గ్రోసరీ కంపెనీలు కలుస్తామని ప్రకటించాయి. ఇక్కడి టామ్ థంబ్ స్టోర్లు కూడా ఆల్బర్ట్‌సన్స్‌వే. 2024 డిసెంబర్‌లో కోర్టు ఆపేవరకు, ఆ స్టోర్ల పక్కన షాపులున్న మాలాంటి వాళ్లం ఏది ఉంటుందో ఏది పోతుందో అని రెండేళ్లు టెన్షన్ పడ్డాం. ఆగ్నేయ రాష్ట్రాల్లో విన్-డిక్సీని 2024లో ఆల్డీ కొన్నది. స్టోర్ ఉన్నా పేరూ సైజూ మారిపోవచ్చు, వచ్చే జనమూ మారతారు. ఇక్కడే 2022లో హెచ్-ఈ-బీ ముందు ఫ్రిస్కోలో, తర్వాత ప్లేనోలో తెరిచింది. ఒక కొత్త స్టోర్ రాగానే వారం సరుకులకి జనం వెళ్లే దారే మారిపోతుంది.

దీనికి లీజులో కో-టెనెన్సీ అనే షరతు ఉంటుంది. స్టోర్ ఇన్ని నెలలు మూసి ఉంటే అద్దె సగానికి తగ్గాలి, ఇంకా మూసే ఉంటే మనం ఖాళీ చేసి వెళ్లే హక్కు రావాలి. చిన్న షాపులకి ఇది సులువుగా ఇవ్వరు. అయినా అడగాలి. పూర్తిగా ఇవ్వకపోతే, వెళ్లిపోయే హక్కొక్కటైనా అడగాలి. స్టోర్ పేరు కాకుండా 'అదే సైజు గ్రోసరీ స్టోర్' అని రాస్తే ఓనర్‌కీ ఇబ్బంది ఉండదు, మనకి కావాల్సిందీ అదే. స్టోర్ లీజు ఎప్పటిదాకా ఉందో కూడా కనుక్కోండి. మీది పదేళ్లు, దానిది ఇంకో మూడేళ్లే మిగిలి ఉంటే ఆ ఒక్క విషయం చాలు ఆలోచించుకోవడానికి.

అద్దె ఎప్పటి నుంచి మొదలవుతుంది?

నన్ను అందరికంటే ఎక్కువ దెబ్బతీసింది ఇదే.

మొదటి లీజులో 'షాపు తెరిచిన రోజు లేదా తాళాలిచ్చిన 120వ రోజు, ఏది ముందైతే అది' అని ఉంది. నాలుగు నెలలు ధారాళంగా సరిపోతాయనుకున్నాను. డ్రాయింగులకి ఆరు వారాలు పట్టింది. ప్లాన్ రివ్యూలో రెండుసార్లు వెనక్కి వచ్చింది. గ్రీజ్ ట్రాప్ (వంటింటి నీళ్లలో జిడ్డుని పట్టే తొట్టి) సైజు సరిపోదన్నారు. నేల తవ్వి కొత్తది వేయాలి, దానికి మళ్లీ ఓనర్ అనుమతి కావాలి. 121వ రోజున షాపులోకి వెళ్తే గోడలకి షీట్లు కూడా లేవు. సన్నటి ఇనుప కడ్డీల మధ్య నుంచి పసుపు వైర్లు వేలాడుతున్నాయి, మధ్యలో తవ్విన గొయ్యి, దాని మీద ప్లైవుడ్ ముక్క. ఆ రోజే మొదటి అద్దె ఇన్వాయిస్ వచ్చింది. ఒక్క కాజా అమ్మకుండా నాలుగు నెలలు అద్దె కట్టాను. ఆ డబ్బు మా ఆవిడ బంగారం మీద తెచ్చింది.

రెండో లీజులో 'సిటీ బిల్డింగ్ పర్మిట్ చేతికి వచ్చిన 120వ రోజు' అని మార్పించాను. పర్మిట్‌కి మనం ఇన్ని రోజుల్లో దరఖాస్తు చేయాలని ఓనర్ షరతు పెడతారు, అది న్యాయమే. ఓనర్ చేయాల్సిన పని ఆలస్యమైతే మన గడువు అన్ని రోజులూ జరగాలని కూడా రాయించండి. ఇంకో సంగతి. పని ఖర్చు 50,000 డాలర్లు, ఆపైన అయితే వికలాంగుల సౌకర్యాల నిబంధనల కోసం రాష్ట్ర లైసెన్సుల శాఖ టీడీఎల్ఆర్ దగ్గర ప్రాజెక్టు నమోదు చేయించాలి. ఆ సమయమూ లెక్కలో వేసుకోండి.

ఖాళీ షెల్ తీసుకోవాలా, ఇదివరకు రెస్టారెంట్ నడిచినదా?

షెల్ అంటే లోపల ఇంకా ఏమీ కట్టని ఖాళీ గది. వంట ఉంటే రెండోదే నయం. పొగగొట్టం, గ్రీజ్ ట్రాప్, గ్యాస్ లైను, నేలలో డ్రెయిన్లు కొత్తగా వేయాలంటే ఖర్చు తడిసిమోపెడవుతుంది. అయితే పాతవి మీ పనికి సరిపోతాయో లేదో కాంట్రాక్టర్‌తో చూపించాకే మాటివ్వండి. శాండ్‌విచ్ షాపు నడిచినచోట నూనె మూకుడుకి తగ్గ పొగగొట్టం ఉండదు.

కప్పు మీదున్న ఏసీ యూనిట్ వయసు అడగండి. చాలా లీజుల్లో దాని మరమ్మతు, మార్చడం అంతా అద్దెదారుదే. పదిహేనేళ్ల యూనిట్ ఉన్న షాపు తీసుకుంటే మొదటి జులైలోనే వేల డాలర్ల బిల్లు రావచ్చు. 'మొదటి రెండేళ్లలో మార్చాల్సి వస్తే ఓనర్ ఖర్చు' అని అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

షాపు లోపలి పనుల కోసం ఓనర్ ఇచ్చే డబ్బు, అంటే టీఐ అలవెన్స్, ముందు చేతికి రాదు. పని పూర్తయి, కాంట్రాక్టర్లందరి నుంచి బకాయి లేదన్న కాగితాలు ఇచ్చాకే ఇస్తారు. అప్పటిదాకా పెట్టుబడి మీదే.

పక్క షాపువాళ్లు పోపు వాసన అని ఫిర్యాదు చేస్తే?

లీజులో 'వాసన బయటికి రాకూడదు' అన్న వాక్యం ఉంటే అది మీ మెడకి చుట్టుకుంటుంది. మీరు వండబోయేది ఏమిటో ముందే రాతపూర్వకంగా చెప్పండి. 'కోడ్ ప్రకారం పొగగొట్టం పెట్టి, శుభ్రంగా ఉంచితే ఈ షరతు పాటించినట్టే' అని చేర్పించండి. పక్కన స్పా, పెళ్లిబట్టల షాపు లాంటివి ఉంటే ఆ స్థలం వద్దనే అంటాను. కప్పుకి రంధ్రం పెట్టాల్సి వస్తే ఓనర్ చెప్పిన రూఫింగ్ వాళ్లతోనే చేయించాలి, లేకపోతే కప్పు వారంటీ పోయిందని మీ మీద వేస్తారు.

పర్సనల్ గ్యారంటీ తప్పదా?

కంపెనీ అద్దె కట్టకపోతే నా సొంత డబ్బుతో కడతానన్న హామీ ఇది. కొత్త వ్యాపారానికి దాదాపు తప్పదు. ఎల్ఎల్‌సీ (వ్యాపారం అప్పులు సొంత ఆస్తి దాకా రాకుండా పెట్టుకునే కంపెనీ) పెట్టాం కదా, ఇల్లు క్షేమం అనుకుంటారు. గ్యారంటీ మీద సంతకం పెడితే ఆ అడ్డు తీసేసినట్టే. పదేళ్ల అద్దె మొత్తానికి కాకుండా పన్నెండు నెలల అద్దెకి పరిమితం చేయమనండి. మూడేళ్లు వేళకి కడితే రద్దు కావాలని అడగండి. ఊళ్లో లాగా పదకొండు నెలల అగ్రిమెంట్ కాదిది. షాపు మూసేసినా అద్దె ఆగదు.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. షాపు పెట్టచ్చా?

డబ్బు పెట్టడం వేరు, కౌంటర్ వెనక నిలబడటం వేరు. హెచ్1బీ మీద స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప పనిచేయకూడదు, మీ సొంత షాపైనా సరే. హెచ్4 మీదున్న భార్యకో భర్తకో ఈఏడీ (పనిచేయడానికి అనుమతి కార్డు) ఉంటే వాళ్లు నడపచ్చు, 2015 నుంచి ఆ వీలుంది. కానీ ఆ కార్డు గడువు, లీజు గడువు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగకుండా లీజు మీద సంతకం పెట్టద్దు.

అమ్మకాల్లో శాతం కూడా అడుగుతున్నారు, ఇవ్వాలా?

దాన్ని పర్సంటేజ్ రెంట్ అంటారు. మామూలు అద్దె ఏడాదికి 54,000, శాతం 6 అనుకుంటే 54,000ని 6 శాతంతో భాగించాలి, 9 లక్షలు వస్తుంది. అమ్మకాలు 9 లక్షల డాలర్లు దాటాక, దాటిన దాని మీదే 6 శాతం. ఆ గీతని కిందికి దించి రాశారేమో చూసుకోండి.

అద్దె ఆలస్యమైతే నిజంగా తాళం వేసేస్తారా?

వేయచ్చు. టెక్సాస్‌లో కమర్షియల్ షాపుకి అద్దె బాకీ పడితే ఓనర్ తాళాలు మార్చచ్చు, ప్రాపర్టీ కోడ్ 93.002 ఒప్పుకుంటుంది. కొత్త తాళంచెవి ఎవరి దగ్గర దొరుకుతుందో తలుపు మీద నోటీసు అంటించాలి. బాకీ కడితేనే తాళంచెవి ఇస్తారు. లీజులో ఇంకోలా రాసి ఉంటే చెల్లేది లీజే. అందుకే తాళం వేసేముందు రాతపూర్వక నోటీసు, కొన్ని రోజుల గడువు ఇవ్వాలని లీజులోనే పెట్టించుకోవాలి. ఫ్రిజ్‌లో సరుకున్న మనకి ఒక్క శనివారం తాళం పడ్డా నష్టమే.

బ్రోకర్, లాయర్ ఇద్దరూ కావాలా?

కావాలి. బోర్డు మీద నంబరున్న బ్రోకర్ ఓనర్ మనిషి. బ్రోకర్ ఎవరి తరఫున పనిచేస్తాడో వివరించే ఒక ఫారం టెక్సాస్‌లో ప్రతి బ్రోకరూ ఇవ్వాలి, అది చదవండి. మన తరఫు బ్రోకర్‌కి కమిషన్ సాధారణంగా ఓనరే ఇస్తారు. లాయర్ని లీజు డ్రాఫ్ట్ దాకా ఆపకుండా ఎల్ఓఐ (లీజుకి ముందు ముఖ్యమైన షరతులు రాసుకునే ఉత్తరం) దశలోనే పిలవండి. ఎల్ఓఐకి చట్టపరంగా కట్టుబడక్కర్లేదంటారు కానీ అందులో లేనిదాన్ని తర్వాత అడిగితే 'ఇది ముందు అనుకోలేదు కదా' అంటారు. ఎక్స్‌క్లూజివ్, అద్దె మొదలయ్యే తేదీ, గ్యారంటీ పరిమితి, కో-టెనెన్సీ నాలుగూ అక్కడే ఉండాలి.

వ్యాపారం అమ్మేసి వెళ్లిపోవాలంటే?

కొనేవాడికి లీజు బదిలీ కావాలంటే ఓనర్ ఒప్పుకోవాలి. 'సరైన కారణం లేకుండా కాదనకూడదు' అన్న మాట లీజులో ఉండాలి. బదిలీ అయ్యాక మీ గ్యారంటీ కూడా రద్దు కావాలి. లేకపోతే షాపు ఇంకొకరిది, బాకీ మీదిగా మిగులుతుంది. కొనేవాడు ముందు అడిగేది ఇంకా ఎన్నేళ్లు మిగిలుందని. అందుకే పొడిగింపు ఆప్షన్‌కి విలువ. దానికి గడువుకి ఆరు నెలల ముందో ఇంకా ముందో రాతపూర్వక నోటీసు ఇవ్వాల్సి ఉంటుంది. ఆ తేదీ ఒక్కరోజు దాటినా హక్కు పోతుంది. నా తేదీని షాపు గోడ మీద తెలుగు క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను, ఫోన్‌లో కూడా పెట్టుకున్నాను.

ఖాళీ చేసే రోజున ప్రతి గోడా, ఏసీ, బాత్రూమ్ ఫొటోలు తీయండి. మీ కొత్త అడ్రసు ఓనర్‌కి కాగితం మీద రాసి ఇవ్వండి. షాపు అప్పగించి, ఆ అడ్రసు ఇచ్చాక 60 రోజుల్లోపు డిపాజిట్ తిరిగి ఇవ్వాలని చట్టం. అడ్రసు ఇవ్వకపోతే ఆ 60 రోజులు మొదలే కావు.